సేవకుడికి చల్లని గది

ఫిబ్రవరి మొదటి వారం

కెర్కెనా దీవిలోని ఐన్ షర్కీ ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయిని లల్లా షాద్లియా గారికి,

విద్యా సాంకేతిక ప్రణాళికా విభాగపు అధికారి మున్సిఫ్ గర్గూరీ సలాములతో వ్రాయునది.

ఈ సంవత్సరపు పథకమున తమ పాఠశాల ఎంపికైనదని తెలుపుటకు సంతోషించుచున్నాము. మార్చి మాసమున తమకు పది కంప్యూటర్లును, ఒక సేవకుడును పంపబడును. సేవకుడు రేయింబవళ్ళు పనిచేయును. కావున ప్రత్యేకముగా ఒక గది ఏర్పరచవలెను. గది చల్లగా ఉండవలెను. దుమ్ము సోకరాదు. సదా తాళము వేసి ఉంచవలెను. విద్యుత్తు హఠాత్తుగా పోయినచో సేవకుడు కుప్పకూలును. బరువు అధికమగుటచే రేవునకు నలుగురు దృఢకాయులను పంపవలెను.

గది సిద్ధము కానిచో నిధులు వేరొక పాఠశాలకు మళ్ళించబడును.

ఇట్లు, తమ సేవలో,
మున్సిఫ్ గర్గూరీ

తా.క. సందేహములున్నచో ఇంటర్నెట్ ద్వారా మాత్రమే సంప్రదించవలెను.

—

ఫిబ్రవరి, గాలివాన తగ్గాక

మహారాజశ్రీ మున్సిఫ్ గారికి,

మీ ఉత్తరం చదివి మా టీచర్లు ముగ్గురూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీకు తెలియదు గానీ, మా ఆరో తరగతి పిల్లలు కంప్యూటరును ముట్టుకోవాలంటే లూద్ అనే పెద్ద పడవెక్కి సముద్రం దాటి పట్నం రావాలి. గాలి లేస్తే పడవ కదలదు. ఆ నెలకు కంప్యూటరు పాఠం లేనట్టే. పట్నం హైస్కూల్లో చేరాక మా పిల్లలు వెనకబెంచీలో కూర్చుని, చేతులు ఒళ్ళో దాచుకుంటారు. అందుకే మీకు వేయి దండాలు. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.

ఇంటర్నెట్ ద్వారా అడగమన్నారు. ఇంటర్నెట్ లేకనే కదయ్యా మేం మిమ్మల్ని అడిగింది! అందుకని ఈ ఉత్తరం పడవలోనే వస్తోంది.

గది సిద్ధం. వంటింటి పక్క సామాన్ల కొట్టు ఖాళీ చేసి సున్నం కొట్టించాం. చేపలుపట్టే బల్‌హసన్ భార్య మహ్బూబా గొర్రె బొచ్చుతో పరుపు కుట్టింది. బరువు ఎక్కువన్నారని బల్‌హసన్ పడవ చెక్కలతో మంచం వెడల్పు చేశాడు.

కానీ మనసుకు కష్టంగా ఉంది. సేవకుడైతే మాత్రం, మనిషిని పట్టపగలు గదిలో పెట్టి తాళం వేస్తామా? వాళ్ళమ్మకు తెలిస్తే ఏమనుకుంటుంది? రేయింబవళ్ళు పనిచేస్తాడన్నారు. శుక్రవారమైనా సెలవివ్వండి. దుమ్ము పడదంటే ఉబ్బసమేమో. మా మరిదికీ అంతే, తేనెలో నల్లజీలకర్ర కలిపి పెడతాం. కరెంటు పోతే పడిపోతాడన్నారు. చీకటంటే భయమా, పాపం? లాంతరు కొన్నాం.

దీవెనలతో,
షాద్లియా

తా.క. ఆక్టోపస్ తింటాడా? పట్నం వాళ్ళు కొందరు దాన్ని చూసి మొహం తిప్పుకుంటారు. తినకపోతే కుస్‌కుస్‌లోకి గొర్రె మాంసం చూస్తాం.

—

ఫిబ్రవరి చివర

గౌరవనీయులైన లల్లా షాద్లియా గారికి,

అమ్మా, పొరపాటు నాది. పారిభాషిక పదాలను వీలైనంతవరకు శుద్ధమైన భాషలోనే రాయాలని మా డైరెక్టరు గారి ఆజ్ఞ. సేవకుడంటే మనిషి కాదు. జనం సర్వర్ అనేది దాన్నే.

దానికి తిండి అక్కర్లేదు, నిద్ర ఉండదు. నల్లటి ఒళ్ళు. ముందువైపు ఆకుపచ్చ దీపాలు కళ్ళలా మిణుకుమంటాయి. గుయ్యిమని శబ్దం చేస్తే భయపడవద్దు. పిల్లలు ఏది అడిగినా చెబుతుంది. అయితే ముందు రహస్య పదం చెప్పాలి, లేకపోతే పలకదు. వైరస్ పట్టకుండా అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు అంతా స్పష్టమైందని ఆశిస్తున్నాను. మంచం తీసేయవచ్చు.

వినయంతో,
మున్సిఫ్

తా.క. మా అమ్మకు మీ ఉత్తరం చదివి వినిపించాను. "నీ గురించి ఎవరూ ఇంత శ్రద్ధగా అడగలేదురా" అంది.

—

మార్చి, రెండో సోమవారం

నాయనా మున్సిఫ్,

మీ అమ్మగారికి నా సలాం. కొంప మునిగింది.

మీ ఉత్తరాన్ని హామాది కాఫీ కొట్టులో చదివారు. సర్వర్ అన్న మాట వినగానే హామాది గ్లాసు కింద పెట్టాడు. "బడిలో సర్వరెందుకు? లోపల కాఫీ కొట్టు పెడుతోందా షాద్లియా? నా పొట్ట కొడతారా?" అన్నాడు. "కాదయ్యా, అది మనిషే కాదు" అని చెప్పాం. అదే తప్పైపోయింది.

"మనిషి కాదా? తినదా?"

"తినదు."

"నిద్రపోదా?"

"పోదు."

"నల్లగా ఉంటుంది, పచ్చ కళ్ళు, గుయ్యిమంటుంది, మంత్రం చెబితేగాని పలకదు, తాళం వేసి ఉంచాలి. అంతేనా?"

"అంతే."

"అయితే అది జిన్ను."

సగం ఊరు ఔనంది. మా ఇమాము షేక్ తాహిర్ మాత్రం, "ప్రభుత్వం చేతిలో జిన్ను ఉంటే ముందు మన రోడ్డు వేయించేది కాదూ?" అన్నారు. కొందరు నెమ్మదించారు. కానీ తల్లులు వినడం లేదు. "జిన్నును తెచ్చి పెడితే దాన్ని అదుపులో పెట్టే మనిషేడీ? అది కోపగిస్తే ఎవరు చూస్తారు? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? షాద్లియాకు రేడియో తిప్పడమే రాదు" అంటున్నారు. రేడియో సంగతి నిజమే.

నేను నీ యంత్రాన్ని కాదనడం లేదు నాయనా. నెత్తిన పెట్టుకుంటాను. కానీ దానితోపాటు దాని భాష తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి ఉంటారా? మంచం ఇంకా తీయలేదు.

నీ మేలు కోరే,
షాద్లియా

తా.క. హామాది అడగమన్నాడు: జిన్ను కాఫీ తాగదు కదా, అలాగని రాతపూర్వకంగా ఇస్తారా?

—

మార్చి చివర

అమ్మా,

మీ ఉత్తరం మా నెలవారీ సమావేశంలో చదివాను. నవ్విద్దామనే చదివాను, దాచను. మా డైరెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. తరువాత, "సరే, ఆమె అడిగినదానికి జవాబేమిటి?" అన్నారు.

 ప్రణాళికంతా తిరగేశాం. యంత్రాలకు నిధులున్నాయి. తీగలకు, బ్యాటరీలకు ఉన్నాయి. ప్రారంభోత్సవానికి డేరా, విందు, పాలరాతి ఫలకం, రిబ్బను కోసే వెండి కత్తెర, అన్నిటికీ ఉన్నాయి. యంత్రం పక్కన నిలబడే మనిషికి మాత్రం ఏమీ లేదు. అప్పుడు మా తనిఖీ అధికారి గొంతు సవరించుకుని అసలు విషయం చెప్పారు. కిందటేడు పంపినవి చాలా బళ్ళలో పెట్టెలు విప్పకుండానే ఉన్నాయట. ఒక చోట సర్వర్ మీద లేసు గుడ్డ పరిచి పూలకుండీ పెట్టారట. రోజూ తుడుస్తున్నారట కూడా.

డైరెక్టరు గారు అక్కడికక్కడే విందు, డేరా, ఫలకం కొట్టేశారు. ఆ నిధులతో మీ దీవి బడులకు ఒక కంప్యూటరు టీచరును నియమించారు. పేరు హైఫా. సర్వర్‌తోపాటు అదే పడవలో వస్తోంది. వచ్చే ఏడు ప్రతి బడికీ ముందు మనిషి, తరువాత యంత్రం అని రాసుకున్నాం.

అమ్మా, ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ నేను పెట్టెలు పంపుతున్నాను. బడికి పంపుతున్నానని మీ ఉత్తరం వచ్చాకే అనిపించింది. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

మీ
మున్సిఫ్

తా.క. హైఫాది కైరవాన్, సముద్రానికి దూరంగా ఉన్న ఊరు. ఇంతవరకూ సముద్రం చూడలేదు. రేవుకు వచ్చే నలుగురు దృఢకాయుల్లో ఒకరిని ఆమె కోసం ఉంచండి. వెండి కత్తెర అప్పటికే కొనేశారు, అదీ పంపుతున్నాం. దేనికైనా వాడుకోండి.

—

ఏప్రిల్, మల్లెలు మొదలయ్యాక

నాయనా మున్సిఫ్,

అందరూ క్షేమంగా చేరారు. సర్వర్‌ను తెరచాపలో చుట్టి నలుగురు మోసుకొచ్చారు. హైఫా పడవ దిగి, ఇసుక మీద చతికిలబడి, "ఇది కదలదు కదా?" అని అడిగింది. మహ్బూబా నిమ్మకాయ వాసన చూపించి తన ఇంటికి తీసుకెళ్ళింది. ఇప్పుడు ఆ పిల్ల ఆక్టోపస్ కూర రెండోసారి వడ్డించమంటోంది.

నిన్న ఆరో తరగతి ముందు కంప్యూటర్లు తెరిచింది. బల్‌హసన్ కూతురు సాల్హా వేలు ముందుకు చాపి, వెనక్కి లాక్కుంది. "ముట్టుకో తల్లీ, పాడైతే బాగు చేయడానికే నేనున్నాను" అంది హైఫా. సాల్హా తన పేరు కొట్టింది. తెర మీద ఆ పేరు చూసి, వాళ్ళ నాన్నను పిలవడానికి రేవు దాకా పరుగెత్తింది. ఆయన వలలు వదిలేసి తడి కాళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చదవడం రాదు ఆయనకు. "ఏది నీ పేరు?" అని అడిగి, చూపించాక, చాలాసేపు అటే చూశాడు. నేను బయటికి వచ్చేశాను నాయనా, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇక నీకొక నిజం చెప్పాలి.

సేవకుడి గురించి నా మొదటి ఉత్తరం అమాయకంగా రాసిందే. పరుపు నిజం, లాంతరు నిజం, నా కంగారూ నిజం. కానీ నీ జవాబు రాగానే పట్నంలో చదివే మా మనవరాలు దుర్సాఫ్‌కు ఫోన్ చేశాను. అది పడీ పడీ నవ్వి, సర్వరంటే ఏమిటో వివరంగా చెప్పింది. అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. కంప్యూటరు టీచరు కావాలని నీకు ముందున్న అధికారులకు ఎన్నోసార్లు రాశాను. "ప్రణాళికలో అటువంటి పదవి లేదు" అని ఒకటే జవాబు. పదవి అడిగితే ఇవ్వరు గానీ, జిన్ను పట్టిందంటే ఎవరో ఒకరు చదవకపోతారా అనుకున్నాను.

హామాది కొట్టులో ఆ గొడవ జరగనే లేదు. ఊళ్ళో సగం మంది పట్నంలో పనిచేసి వచ్చినవాళ్ళే, వాళ్ళకు సర్వరంటే ఏమిటో తెలుసు. షేక్ తాహిర్ ఆ మాట అననే లేదు. నేనే ఆయన నోట పెట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పగానే మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు ఆ రోడ్డు మాటను తనదేనని అందరికీ చెప్పుకుని తిరుగుతున్నారు.

కోప్పడకు. నువ్వు ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసి ఉండవచ్చు. వేయలేదు. మీ డైరెక్టరు గారు నవ్వి ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. మీ ఇద్దరి కోసం మహ్బూబా ఎండబెట్టిన ఆక్టోపస్ పంపుతోంది, మీ అమ్మగారికి వేరుగా ఒక పొట్లం. వెండి కత్తెరతో తొలి మల్లెచెండుకు దారం కత్తిరించి అదీ పెట్టాం.

నిన్ను తలచుకోని రోజు లేని,
షాద్లియా

తా.క. పక్క ఊరి బడి హెడ్మాస్టరు నిన్న టీకి వచ్చి, నా దగ్గర ఉత్తరాల నకళ్ళు అడిగి తీసుకున్నాడు. వాళ్ళ బడిలో దయ్యం తిరుగుతోందని త్వరలో నీకొక ఉత్తరం వస్తుంది. నమ్మినట్టే ఉండు నాయనా. వాళ్ళకు లెక్కల టీచరు లేరు.