టెండరు చక్రాల లెక్క

రాయగడ,
సెప్టెంబరు 19

చక్రాల మల్లేశ్వరరావు గారికి,

రాయగడ స్టేషను బయట గారెల బండి బుల్లి రాస్తున్న ఉత్తరం. ముందు నమస్కారం పెడదామనుకున్నాను గానీ, మీ మీద కోపంగా ఉంది కాబట్టి చివర పెడతాను, మిగిలితే. ఫోను చేస్తే నా నోరు నాకంటే ముందు బయల్దేరిపోతుంది. కాగితం మీదైతే, నా ఎనిమిదో తరగతి చదువు పుణ్యమా అని, ఆగి ఆగి నడుస్తాను. అందుకని ఇది గార్డు మనోరంజన్ చేతికిచ్చి పంపుతున్నాను. అతను తెలుగు మాట్లాడతాడే గానీ చదవలేడు. దారిలో విప్పినా గారెల పొట్లమే విప్పుతాడు.

మొన్న విశ్వకర్మ పూజకి మీ కోరాపుట్ రైలింజిన్ల షెడ్డుకి రమ్మన్నారు. ఆ ఒక్క రోజే ఇళ్ళ వాళ్ళని లోపలికి రానిస్తారంటే ఉన్న మంచి చీర కట్టుకుని వచ్చాను. రెంచీలకీ సుత్తులకీ బొట్లు, ఇంజిన్లకి బంతిపూల దండలు. కనకాంబరాల దండ ఒకటి నాకూ ఇచ్చారు. నన్ను కూడా పూజకి పెట్టేరేటి అని అడిగితే మీ చెవులు ఎర్రబడ్డాయి. అంతవరకు బాగానే ఉంది.

తర్వాత బల్ల మీద మీరు తుక్కుతో చేసిన ఆ బొగ్గింజిను బొమ్మ చూపించారు. ఏడాదిగా నా బండి దగ్గర టీ చల్లారబెట్టుకుంటూ మీరు చెప్పిన పాఠమే కదా. ముందు చిన్న చక్రాలు దారి చూపించేవి, మధ్యలో పెద్ద చక్రాలు లాగేవి, వెనక చిన్నవి బరువు ఓర్చేవి, ఆ వరసలో లెక్కపెట్టి మధ్యన గీత పెడితే అదే ఇంజిను జాతి. మీ షెడ్డు వాళ్ళందరి ముందు "సెప్పండి బుల్లి గారూ, ఇదేటి?" అన్నారు. నేను వంగి, కొంగు దోపి, వేలు పెట్టి లెక్కపెట్టాను. రెండు, ఎనిమిది, రెండు. వెనక తగిలించిన బొగ్గు పెట్టెకి మళ్ళీ ఎనిమిది. రెండు-ఎనిమిది-రెండు-ఎనిమిది అన్నాను గట్టిగా.

అందరూ నవ్వేరు. మీరూ నవ్వేరు. నవ్వినందుకు కాదండీ నా బాధ. ఊళ్ళో అందరినీ నవ్వులపాలు చేసేదాన్ని, నేను నవ్వులపాలైతే ఏం పోయింది? మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు గూడ్సు బండిలో ఒక పెట్టెకి చక్రం లేదని చెప్తే, నిజమనుకుని టీ వదిలేసి పరిగెత్తింది మీరే కదా. నా బాధ మీరు తర్వాత అన్న మాటకి. "అది టెండరండీ. దాని సక్రాలు లెక్కలోకి రావు. బొగ్గు, నీళ్ళు మొయ్యడమే దాని పని" అన్నారు. అని, అదే సంతోషంలో నన్ను పక్కకి పిలిచి, "ఇంకెన్నాళ్ళండీ ఆ పొయ్యి దగ్గర? బండి తీసేయండి. కోరాపుట్ వచ్చేయండి. నన్ను సేసుకోండి. క్వార్టరుంది, నేను సూసుకుంటాను" అన్నారు.

నేను ప్రసాదం కూడా తినకుండా బండెక్కేశాను. సిగ్గనుకున్నారా?

మునిగుడలో మా ఆయనకి హోటలుండేది. బోర్డు మీద ఆయన పేరు, గల్లా దగ్గర ఆయన. రుబ్బింది, వండింది, పొయ్యిలోకి బొగ్గు వేసింది, బోరింగు నుంచి నీళ్ళు మోసింది నేను. ఆయన పోయాక మా మరుదులు కూర్చుని పంచుకున్నారు. నా మాటేటని అడిగితే "నువ్వు వంటకే కదా వొదినా, నీకిందులో లెక్కేటుంది?" అన్నారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే జాలిపడతారని, అంతకంటే అందరినీ ఏడిపించి తిరగడం నయమనుకున్నాను. ఈ బండి మీద నా పేరు నేనే రాసుకున్నాను, వంకరగా. దాన్ని తీసేసి మీ వెనక తగులుకుంటే నేనెవరిని? మళ్ళీ బొగ్గూ నీళ్ళేనా?

మీరు మంచివారు. అందుకే ఇంత రాశాను. నమస్కారం మిగల్లేదు.

బుల్లి

రాయగడ,
సెప్టెంబరు 27

మల్లేశ్వరరావు గారికి,

మీ జవాబు అందింది. ఆడది మనసు విప్పి రాస్తే, చక్రాల లెక్క ఎలా పుట్టిందో రెండు పేజీలు రాసే మగాణ్ణి దేశంలో మిమ్మల్నే చూశాను. టెండరు ఎన్ని రకాలుగానైనా తగిలించొచ్చట, అందుకే లెక్కపెట్టరట, అందులో ఎవరి తప్పూ లేదట! బాగుంది. లెక్క తప్పని నేనన్నానా? నొప్పెట్టిందన్నాను.

కొన్ని దేశాల వాళ్ళు చక్రాల్ని విడివిడిగా కాక జతల్నే లెక్కపెడతారని, లాగే జతలకి అంకెలు కాకుండా అక్షరాలు పెడతారని చివర్న రాశారు. ఆ దేశాల వాళ్ళైతే ముందు జత కుదుర్చుకుని తర్వాత లెక్కకొస్తారన్నమాట. మీరు తిరగేశారు.

తల్లి లేని మీ అమ్మాయి ధరణి ఫోను చేసింది. "పిన్నీ, నాన్న సరిగ్గా తినట్లేదు, షెడ్డులో తుక్కు ఏరుకుంటున్నారు" అంది. నన్ను పిన్నీ అన్నది ఎవరి అనుమతితో అని అడగబోయి, నోట్లో గారె ఉందని ఊరుకున్నాను. ఇప్పటివరకూ గారె ఉంటే ఊరుకున్నది లేదు.

మీరు తినండి. నా కోపం నా దగ్గర భద్రంగా ఉంది, మీరు తినకపోతే పెరగదు.

బుల్లి

రాయగడ,
అక్టోబరు 12

మల్లేశ్వరరావు గారికి,

నిన్న మీరు గోనెసంచి మోసుకుని నా బండి ముందు దిగితే, జేకేపూర్ కాగితం మిల్లు వాళ్ళంతా ప్లేట్లు పట్టుకుని నిలబడిపోయారు. సంచి లోంచి ఆ ఇనుప వింతని తీసి నా పిండి గిన్నె పక్కన పెట్టారు. జరిగినదంతా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే మీరు చెవులు ఎర్రజేసుకుని తిరుగు బండికి పారిపోయారు, సగం మీకు గుర్తుండదు.

"ఏటిది? రెండు ఇంజిన్లు వీపులు ఆనించుకున్నట్టున్నాయి" అన్నాను.

"ఇదీ ఓ జాతి బొగ్గింజినేనండి. గారట్టు అంటారు" అన్నారు.

"గారే అట్టూ కలిపితే నేనూ సేస్తాను. దీని టెండరేదీ?"

"దీనికి టెండరు లేదండి."

"మరి బొగ్గు?"

"ఈ సక్రాల మీదే."

"నీళ్ళు?"

"ఆ సక్రాల మీద. అటో సెట్టు, ఇటో సెట్టు. మొయ్యడం, లాగడం రెండూ ఇయ్యే సేస్తాయి."

"అయితే లెక్కలోకొస్తాయా?"

"అన్నీ వస్తాయండి. ఒక్కటీ పోదు. నాలుగు-ఎనిమిది-సున్నా, మజ్జలో ప్లస్సు, సున్నా-ఎనిమిది-నాలుగు."

"మజ్జలో ఏలాడుతున్న ఈ పీపా?"

"బాయిలరండి. ఇద్దరికీ ఒకటే."

రెండింటికీ అనబోయి ఇద్దరికీ అన్నారు. మిల్లు మేస్త్రీ ఒకాయన ఈల వేశాడు. నేను అట్లకాడ చూపించాను, ఊరుకున్నాడు. మలుపుల్లో ఎలాగని అడిగితే, "ఏ సెట్టుకా సెట్టు తిరుగుద్దండి, ఒకదాన్నొకటి ఈడ్సుకుపోదు. ఇలాంటి ఘాట్లకి ఇదే మంచిది" అన్నారు. తర్వాత గోనెసంచి మడత పెట్టుకుంటూ, "బండి తియ్యొద్దండి. తియ్యమని ఇంక అనను" అన్నారు. అదొక్కటీ చక్రాల గురించి కాదు. అందుకే అది ముందు నా చెవుల్లో పడింది.

మీరెళ్ళాక దాన్ని నూనె గుడ్డతో తుడిచి, నా పేరున్న బోర్డు కింద పెట్టాను. కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ పాఠం చెప్తున్నాను. సాయంత్రం ఒక టీటీ చక్రాల లెక్కలో తప్పు చెప్పాడు. రెండో చట్నీ వెయ్యలేదు.

ఇక నా జవాబు. గారెల బండి రాయగడలో, మీ షెడ్డు కోరాపుట్‌లో. మీకు సెలవైతే మీరిటు, నాకు పండగ బేరం లేకపోతే నేనటు. మీరు రిటైరయ్యాక ఎక్కడుందామో అప్పుడు పోట్లాడుకుందాం, ఇప్పటినుంచే ఎందుకు? కార్తీకంలో మజ్జిగౌరమ్మ గుడిలో దండలు మార్చుకుందాం. ధరణి రావాలి. పిన్నీ అన్నందుకు దానికి చీర పెట్టాలి, అన్నాక నేను ఎదురు చెప్పనందుకు నాకూ ఒకటి.

మనోరంజన్ చేతికి స్టీలు డబ్బా ఇచ్చాను. మూత తీయగానే తినేయకండి, ముందు చూడండి. నాలుగు చిన్న గారెలు, ఎనిమిది పెద్దవి, మధ్యలో రెండు ఎండుమిరపకాయలు అడ్డంగా నిలువుగా, మళ్ళీ ఎనిమిది, మళ్ళీ నాలుగు. దారిలో తగ్గితే మనోరంజన్‌ని అడగండి, నా లెక్క తప్పదు. ఒక చక్రం లోపల మాత్రం పచ్చిమిరప ముద్ద దాచాను. ఏదో చెప్పను. అన్నీ లెక్కలోకి వస్తాయన్నారు కదా, అన్నీ తినాల్సిందే.

మొన్న మిగలని నమస్కారం ఇదిగో, ఇప్పుడు మిగిలింది.

ప్లస్సుకి ఇటుపక్కనుంచి,
మీ బుల్లి