మేము వాయించిన వేగం

ఇంటి పెత్తనం నా నెత్తిన పెట్టి వెళ్ళిన నీకు,

ఈ ఉత్తరం రాయకుండానే దాటేద్దామనుకున్నాను. కాయితం తీసి బల్ల మీద పెట్టి, దాని మీద టీ కప్పు పెట్టి, మరక పడ్డ కాయితం మీద పెళ్ళానికి ఉత్తరం రాయడం మర్యాద కాదని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. సొరుగులో ఇంకో కాయితం కనపడి ఆ సాకు కూడా పోయింది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి. అందరం అంటే నేనొక్కణ్ణే కనక, ఆ మాట ఎవరినీ అడగకుండా రాసేస్తున్నాను. అక్కడ నువ్వూ మీ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. తుంటి ఎముక అతుక్కుంటోందనీ, చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాడనీ రాశావు. సంతోషం. వేదిక మీద గిటారు పట్టుకుని పాడుతూ ఈ చివర నుంచి ఆ చివరకి దూకే మనిషి గుమ్మం దాకా నడిచాడంటే సంతోషించే రోజులు వచ్చాయి మనకి.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. తింటున్నాను. వంట అనదగ్గది చెయ్యడం లేదు గాని, ఉడకబెట్టగలిగినదల్లా ఉడకబెడుతున్నాను. బాల్కనీలో మొక్కలు బతికే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది నువ్వుండగానే మూలుగుతోంది, కాబట్టి ఆ పాపం నా ఖాతాలో వెయ్యకు. కుడి భుజం మామూలే. చొక్కా తొడుక్కునేటప్పుడు మాత్రం పాత బాకీ వసూలుకి వచ్చినవాడిలా పలకరిస్తుంది. ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఆ సంగతి కింద రాస్తాను.

ఇక అసలు సంగతి. "ఆల్బం విషయం మా అన్నయ్య రోజూ అడుగుతున్నాడు, ఒప్పుకుంటారో లేదో ఒక్క ముక్క రాయండి" అన్నావు. ఒక్క ముక్కతో అయ్యేదైతే ఎప్పుడో రాసేవాణ్ణి. మీ అన్నయ్య తన వైపు కథ నీకు చెప్పే ఉంటాడు. మంచం మీద ఉన్న మనిషి కథ మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. నా వైపు కూడా విను.

చెక్కసామాను కొట్టు వెనక గది నీకు గుర్తుండే ఉంటుంది. 'ఇనుప జ్వరం' ఆల్బం పాటలన్నీ మేము అక్కడే రికార్డు చేశాం. పొద్దున పూట ముందు భాగంలో రంపాలు ఆడేవి, అవి ఆగాక వెనక మేము మొదలెట్టేవాళ్ళం. వీధిలోవాళ్ళకి రెండింటికీ తేడా తెలియదని మౌనిగాడు ఒకసారి అన్నాడు. బేస్ గిటారు వాయించే మనిషి, ఏడాదికి ఒకసారి నోరు విప్పేవాడు, ఆ ఏటి మాట అలా ఖర్చు పెట్టాడు. రంపపు పొట్టు డ్రమ్ముల మీద పేరుకుపోయేది. మొదటి దెబ్బకి పైకి లేచి నా కళ్ళల్లో పడేది. తుమ్ముతూ ఆ పరుగుల థ్రాష్ మెటల్ సంగీతం వాయించినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నువ్వు మీ అన్నయ్యకి క్యారేజీ పట్టుకుని మొదటిసారి వచ్చింది ఆ గదికే. చెవులు మూసుకుని గోడకి ఆనుకుని నుంచుని, పాట అయిపోయాక నన్ను చూసి, "ఇంత చప్పుడులో మీకేం వినపడుతుందండీ?" అన్నావు. నేనేదో గొప్పగా జవాబు చెప్పాను. ఏం చెప్పానో మరిచిపోయాను. నువ్వు మరిచిపోయి ఉండవు.

ఎక్కడికో పోతున్నాను. రికార్డిస్టు ముసలాయన ఉండేవాడు కదా, చెవి మీద పెన్సిలు, జేబులో దెబ్బలకి వేసుకునే ప్లాస్టరు చుట్ట. చెక్కల కొట్టులో ఉండేవాడికి ఆ చుట్ట తప్పదు. పాటలన్నీ పెద్ద టేపు మీదకి ఎక్కించాం. దాన్ని మళ్ళీ ఆడించి, గొంతూ గిటారూ డ్రమ్సూ పాళ్ళు సరిచూసి, రెండో టేపు మీదకి దించాలి. ఆ దించే రోజున పెద్ద టేపును ఆడించే యంత్రంలో టేపును లాగే సన్నటి కడ్డీ అరిగిపోయి టేపు జారడం మొదలెట్టింది. ముసలాయన ఒక్క క్షణం ఆలోచించి, జేబులోంచి ప్లాస్టరు తీసి కడ్డీకి చుట్టాడు. జారడం ఆగింది. మేము చప్పట్లు కొట్టాం. వేలుకీ యంత్రానికీ ఒకటే వైద్యం అని మెచ్చుకున్నాం కూడా.

కడ్డీ లావైతే ఒక్కో చుట్టుకి ఎక్కువ టేపు లాగుతుంది. ఎక్కువ లాగితే పాట పరిగెడుతుంది. ఇది బడికెళ్ళే పిల్లాడు చెప్పగలడు. ఆ గదిలో బడికి సరిగ్గా వెళ్ళినవాడు ఒక్కడూ లేడు.

అలా మేము వాయించిన దానికంటే వేగంగా 'ఇనుప జ్వరం' బయటికొచ్చింది. అంతకు ముందు మా ఎదురుగా ఖాళీ కుర్చీలుండేవి, ఆ తరవాత కుర్చీలు తీసేస్తే గాని జనం పట్టేవారు కాదు. అందరూ ముందు మాట్లాడింది వేగం గురించే. ఒక పత్రికవాడు నాకు 'యంత్రం' అని పేరు పెట్టాడు. మనిషన్నవాడు ఇంత వేగంగా వాయించలేడట. అది నిజమేనని ఇప్పుడు తేలింది. మాలో ఎవరికైనా అనుమానం వచ్చిందా అంటావేమో. పొగడ్తకి ఎవడు పద్దు అడుగుతాడు? మీ అన్నయ్య ఒక్కడే రికార్డు విని మొహం చిట్లించి, "నా గొంతేమిటి ఇలా కీచుగా ఉంది?" అన్నాడు. జలుబు చేసిన రోజు పాడి ఉంటావన్నాడు ముసలాయన. అందరం నవ్వాం. అప్పట్నుంచి మీ అన్నయ్యకి 'చిలక' అని పేరు పడింది. ఆ పేరు పోగొట్టుకోవడానికి తరవాతి ఆల్బాలన్నిటిలో గొంతు చించుకుని అరిచాడు. ఇప్పుడు గొంతు పైకి లేవక, పక్కగదిలో ఉన్న నిన్ను పిలవడానికి గంట వాయిస్తాడని రాశావే, దాని మొదలు అక్కడుంది.

నా సంగతి నీకు తెలుసు, ఇంట్లో చూశావు. రికార్డులో ఉన్న వేగం వేదిక మీద అందుకోవాలి కదా. నేనే వాయించాను, నేనే ఎందుకు వాయించలేకపోతున్నానని నన్ను నేను తిట్టుకున్నాను. సోమరితనం అనుకున్నాను. వయసు అనుకున్నాను, అప్పటికి మీసం కూడా పూర్తిగా రాలేదు. చేతులకి బరువులు కట్టుకుని సాధన చేసేవాణ్ణి. నువ్వు వేణ్ణీళ్ళ గుడ్డ పెట్టి కాపడం పెట్టేదానివి. ఏడాదికేడాది ఆ వేగానికి దగ్గర పడ్డాను, దాటాను కూడా. భుజం పోయింది. తన నీడని తనే తరిమే కుక్కలాంటి వాణ్ణి అన్నమాట. కుక్కకైనా మధ్యాహ్నం పూట కాస్త విశ్రాంతి ఉంటుంది.

ఇప్పుడు ఆల్బం రీమాస్టర్ చేసి, అంటే శబ్దం కొత్తగా సరిచేసి, మళ్ళీ విడుదల చేస్తామని కంపెనీవాళ్ళు వచ్చారు. ఆ పని చేస్తున్న అమ్మాయికి చెక్కల కొట్టువాళ్ళ అటక మీద మొదటి టేపు దొరికింది. గిటారు శ్రుతి ఆ టేపులో సరిగ్గా ఉంది, రికార్డులో పైకి ఉంది. ఇన్నేళ్ళూ మా పాటలు నేర్చుకున్న కుర్రాళ్ళందరూ మాతో కలవడానికి తీగలు బిగించి బిగించి తెంపుకున్నారట, అది చెప్పి నవ్వింది. అసలు వేగానికి దించితే మీ అన్నయ్య గొంతు ఆయన గొంతులా ఉంటుంది. నేను మాత్రం యంత్రాన్ని కాకుండా పోతాను. పాత వేగమే ఉంచితే నా పేరు నిలుస్తుంది, ఆయన చిలకగానే ఉండిపోతాడు. ఇద్దరం ఒప్పుకుంటేనే గాని ఏదీ అచ్చు వెయ్యరు. మౌనిగాడు ఎటైనా సరేనని తల ఊపి పంపించాడు.

మొదట నేను ఒప్పుకోదలచుకోలేదు. నీ దగ్గర దాచడమెందుకు? జనానికి తెలిసిన ఆల్బం అదే, దాన్ని మార్చే హక్కు మనకి లేదు అని ఒక ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాను. బాగానే వచ్చింది. ఆ ఉపన్యాసం పట్టుకునే ఆ అమ్మాయి పనిచేసే గదికి వెళ్ళాను.

ఇక్కడ ఫోను సంగతి వస్తుంది.

ఆ అమ్మాయి నన్ను మంచి కుర్చీలో కూర్చోబెట్టి ఒక పాట వినిపించింది. తరవాత ఏవో మీటలు తిప్పి మళ్ళీ వినిపించింది. ఏది బాగుందని అడిగింది. నేను కళ్ళు మూసుకుని, గడ్డం నిమురుకుని, కాస్త ఆగి, పెద్దమనిషి తరహాలో, "మొదటిదాంట్లో ఉన్న ఊపు రెండోదాంట్లో లేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అన్నదేమో నాకు తెలియలేదు. కాసేపటికి నా ఎదురుగా వచ్చి కూర్చుని, నా మొహంలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "అంకుల్, నేను ఇంకా ఏదీ మార్చలేదు. సౌండు సరిచూద్దామని ఒకటే రెండుసార్లు వేశాను."

నా చెవులు పోయాయి. ఇదీ నేను రాయకుండా ఊరుకుందామనుకున్నది. ఒక్కసారిగా పోలేదు. ముందు తలుపు గంట పోయింది, తరవాత పిట్టలు, తరవాత ఫోనులో మాటలు. నువ్వు ఫోను చేస్తే గోనెసంచిలో మూతి పెట్టి ఎవరో గొణుగుతున్నట్టుంటుంది. అది నువ్వని తెలుసు, ఏమంటున్నావో తెలియదు. తెలియకుండా 'ఊఁ' అంటుంటే, నువ్వు నిజంగా బాధపడి చెప్పే మాటకి కూడా 'ఊఁ' అంటానేమోనని భయమేసి ఎత్తడం మానేశాను. నువ్వు ఇక్కడున్నప్పుడు నీ నోరు చూసి వినేవాణ్ణి. "మీరు నా మాట వింటారా అసలు?" అని దెబ్బలాడేదానివి. చూస్తే గాని వినపడదని చెప్పలేక నీ వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. ముసలితనంలో ఈయనకి ప్రేమ ఎక్కువైందని నువ్వు మీ అన్నయ్యతో అన్నావట. అందులో కొంత నిజం ఉంది, మిగతాది చెవుడు.

నువ్వు వెళ్ళాక చూడ్డానికి ఆ నోరూ లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నీకు రాయడానికి నాకు మాటలు దొరకవు. ఒక్కోసారి కావాలనే గిన్నె కింద పడేస్తాను. చెయ్యి ఖాళీ అవుతుంది, అంతే.

ఆ అమ్మాయి నన్ను చిన్నబుచ్చలేదు. రెండు రకాలూ రికార్డుల మీద అచ్చు వేయించి, ఏది ఏదో పైన రాసి, ఇంటి దగ్గర తీరిగ్గా చూసుకోమని ఇచ్చింది. వినమనలేదు, చూసుకోమంది. మంచి పిల్ల.

ఇంటికొచ్చి స్పీకరు పెట్టెని సోఫా దగ్గరికి జరిపి, దానికి మోకాలు ఆనించి కూర్చున్నాను. చప్పుడు చెవికి రాకపోయినా మోకాలికి వస్తుంది. ఒళ్ళో దిండు పెట్టుకుని డ్రమ్ము స్టిక్సు తీశాను. ముందు పాతది వేశాను. రెండో చరణానికి చేతులు వెనకబడ్డాయి, భుజం బిగుసుకుపోయింది, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే నన్ను నేను తిట్టుకున్నాను. తరవాత అసలు వేగంది వేశాను.

చేతులు వెళ్ళాయి. నేను తోలకుండానే వెళ్ళాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ లేవాలో, రంపపు పొట్టు కళ్ళల్లో పడి ఎక్కడ ఒక దెబ్బ తడబడిందో అక్కడ కూడా అలాగే తడబడ్డాయి. భుజం నోరెత్తలేదు. మేము వాయించిన వేగం ఇదేనని ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు. ఆ గదిలో ఉన్న కుర్రాడు సోమరి కాదు. వాడు బాగానే వాయించాడు. ఇన్నేళ్ళూ వాణ్ణి అనవసరంగా నానా మాటలూ అన్నాను. పాట అయిపోయాక స్టిక్సు దిండు మీద పెట్టాను. ఈ మాట పక్కన ఎవరితోనైనా చెబుదామని అటు తిరిగాను.

కాబట్టి మీ అన్నయ్యకి చెప్పు, ఒప్పుకున్నానని. అసలు వేగానికే వెయ్యమని ఆ అమ్మాయికి సంతకం పెట్టి ఇచ్చేశాను. కుర్రాళ్ళు వచ్చి 'యంత్రం గారు ఇంతేనా' అంటే అననీ. ఎలాగూ నాకు వినపడదు. ఆ రికార్డు ఇంకో ప్రతి ఈ ఉత్తరంతోపాటు పంపిస్తున్నాను. ఆయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి నువ్వే వేసి వినిపించు. గొంతు ఎలా ఉందో నాకు నువ్వు రాయాలి. నువ్వు పెళ్ళికి ముందు ఇంట్లో విన్న గొంతు అదేనా కాదా, అది నీకొక్కదానికే తెలుస్తుంది. ఆయన మొహం ఎలా మారిందో కూడా రాయి, వివరంగా. డాక్టరు దగ్గరికి నేను వెళ్ళను, నువ్వు వచ్చాక ఇద్దరం వెళదాం. డాక్టరు ఏం చెప్పాడో నువ్వు నాకు ఎదురుగా కూర్చుని చెబుదువుగాని. తొందరపడి మాత్రం రాకు. మీ అన్నయ్య మెట్లు దిగగలిగాకే రా.

ఇది రాస్తుండగా కింద వాటాలో ఉండే ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చి నా భుజం తట్టింది. తలుపు చాలాసేపు కొట్టిందట. పొద్దున వేసిన రికార్డు ఎప్పుడో అయిపోయి, సూది చివరి గీతలోనే తిరుగుతూ స్పీకరులో గరగరలాడుతోందట, వాళ్ళ ఇంటి దాకా వస్తోందట. చేత్తో గుండ్రంగా తిప్పి చూపించింది. లేచి వెళ్ళి సూది ఎత్తి పక్కన పెట్టాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఇట్లు,
నీ ఇంటాయన