కోత పండుగ సొరకాయ

ఆళ్లగడ్డ,
నవంబరు, 1978

ప్రియమైన సువార్తా,

నీ ఉత్తరం నంద్యాల ఇంటికి వెళ్లి, ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లు ఇటు పంపితే ఆలస్యంగా చేరింది. కవరు మీద నువ్వు రాసిన 'బంగళా' అన్న మాటను ఎవరో కొట్టేశారు. పోస్టుమ్యానే కొట్టి ఉంటాడు. అయినా ఎవరా అని చాలాసేపు చూశాను. ఈ మధ్య ప్రతిదాన్నీ అలాగే చూస్తున్నాను.

జరిగింది ఇది. వేసవిలో మా పత్తి మిల్లు తగలబడింది. లోపలున్న పత్తిలో సగం రైతులది. నాయన అందరికీ డబ్బు కట్టాడు. బంగళా, కారు, చనిపోయిన అమ్మ నగలు, నా పుస్తకాల బీరువా, అన్నీ పోయాయి. హాస్టల్లో నాకు జడ కూడా నువ్వే వేసేదానివి, గుర్తుందా? ఇప్పుడు నేను ఇక్కడి మిషన్ బడిలో టీచర్ని. బడి వెనక గదుల్లో నాయనా నేనూ ఉంటున్నాం. అన్నం వార్చడం పక్కింటి ఏసమ్మ నేర్పింది. గంజి చేతిమీద ఒలకబోసుకున్న రోజు, "మహారాణికి మంగళారతి అయిందా?" అని నవ్వి, తనే వెన్న రాసింది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. దేవరాజు అని ఒకతను మా ఇంటికి వస్తున్నాడు. ఊరు శిరివెళ్ల. ఇక్కడ బస్టాండు దగ్గర ట్రాక్టరు సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక నాయనతో నడిచి వచ్చి, వాకిట్లో మంచం మీద కూర్చుంటాడు. నాతో ఒక్క మాటే. "ఏం పుస్తకం చదువుతాండావు టీచరమ్మా?" చెప్తే ఆ పేరును మెల్లగా తనలో తను పలుక్కుంటాడు. అది నాకు నచ్చింది సువార్తా. నచ్చిందనే భయం.

"ఏనుగు సచ్చినా వెయ్యే కదమ్మా" అంటుంది ఏసమ్మ. "మీ నాయన యాడో దాచే ఉంటాడని ఊరంతా అనుకుంటాండారు. లేకుంటే ఆ పిలగాడు ఊరికే తిరుగుతాడా?"

నేను మజ్జిగ తీసుకుని వాకిట్లోకి వెళ్తే ఇద్దరూ మాట ఆపేస్తారు. మొన్న ఆపేలోపలే ఒక మాట నా చెవిన పడింది. లాకరు.

మాకు లాకరు లేదు. దాంట్లో పెట్టడానికి ఏమీ లేదు. ముసలాయన్ని మాటల్లో పెట్టి అతను దేనికోసం తవ్వుతున్నాడో నాకు అర్థమైంది.

నీ
లూదియా


ఆళ్లగడ్డ,
కోత పండుగ తర్వాత

సువార్తా,

నా మీద కోపం లేదు కదా? వెంటనే ఇంకొకటి రాస్తున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మన చర్చిలో కోత పండుగ నీకు తెలిసిందే. ఎవరి తొలి పంట వాళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పెడతారు, ఆరాధన అయ్యాక బయట వేలం వేస్తారు. నంద్యాలలో జనం నాయన చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూసేవాళ్లు. ఆయన పాడిన కోడీ గుమ్మడికాయా పనివాళ్లకే పోయేవి.

ఈసారి నేను ఒక సొరకాయ ఇచ్చాను. స్నానాల గది నీళ్లు పారే చోట నేనే విత్తనం పెట్టాను. నా చేత్తో పెంచిన మొదటి కాయ అది. వేలం వేసే మత్తయి దాన్ని పైకెత్తి, "టీచరమ్మ సొరకాయ! రెండ్రూపాయలు!" అన్నాడు. ఎవరో మూడన్నారు.

"నూరు."

నాయన చెయ్యి పైకి లేచి ఉంది.

ఇంట్లో బియ్యం నెలాఖరుదాకా రావని నాకు తెలుసు. "అబ్రహామయ్యకు మిల్లు ఇంగా ఆడతానే ఉన్నట్టుందే!" అని ఎవరో నాయన్ని అంటే నవ్వులు. మత్తయి బెదిరిపోయి, "ఒకటోసారి... రెండోసారి..." అంటున్నాడు.

"నూట పది" అన్నాడు నాయన పక్కనే కూర్చున్న దేవరాజు.

కుర్రాళ్లు ఈలలు వేశారు. "కూర కోసమా అప్పా, కూతురు కోసమా?"

నా బీరువాను ఎవరో వేలంలో కొన్నట్టే, అందరి ముందూ నన్నూ కొన్నాడు. పెట్టుబడి పెడుతున్నాడు. పైగా నాయన ఇంటికి నిటారుగా నడిచి వచ్చి, "చూసినావా, పిలగాడు పాటలో ఎట్ల పైకి పోయినాడో!" అని మురిసిపోయాడు.

నిన్న అదే తీగకు కాసిన రెండో కాయ వండాను. వేపాకులా చేదు. నోట్లో పెట్టుకోలేకపోయాం.

రేపు అతని అంగడికి వెళ్తాను. మా దగ్గర ఏమీ లేదని చెప్పి ముఖం చూస్తాను. సొరకాయ ఎలా ఉందని కూడా అడుగుతాను. బాగుందన్నాడో, ఇక మా గడప తొక్కనివ్వను.

లూదియా


ఆళ్లగడ్డ,
ఆదివారం సాయంత్రం

నా సువార్తకు,

వెళ్లాను. దారిలో బట్టీపట్టిన మాటలన్నీ అంగడి ముందు మరిచిపోయి, ఒక్కసారిగా అనేశాను. "మాకు బంగారం లేదు. లాకరు లేదు. దానికోసం వస్తుంటే రావద్దు."

అతను నట్లు ఏరడం ఆపలేదు. "మీ నాయన ఉందంటాండాడే" అన్నాడు.

"ఎవరు?"

"మీ నాయనే. వారం వారం చెప్తాడు. మీ అమ్మ సొమ్ములు నంద్యాల లాకర్లో ఉండాయంట. పెండ్లినాటికి తీస్తాడంట. నువ్వు వస్తానే మాట మారుస్తాడు."

ఇన్నాళ్లూ నేను అనుమానించింది తప్పు మనిషిని సువార్తా. గాలం వేసింది నాయన. బంగారం లేకపోతే తన కూతుర్ని ఎవరూ చేసుకోరని ఆయన నమ్మకం.

"నువ్వు నమ్మినావా?" అన్నాను. 'మీరు' అనడం మరిచిపోయాను.

"మొదట్ల నమ్మినా" అన్నాడు. "మొన్న యేలంలో పక్కనే ఉంటి గదా. ఆ ఎత్తిన చెయ్యి వణుకుతాండె. దాచుకున్నోని చెయ్యి అట్ల వణకదు. మూడోసారి అనేలోగా ఎవరో ఒకరు పైకి పోవాల గదా."

"మరి ఇంకా ఎందుకు వింటావు?"

"అది చెప్పేటప్పుడు ఆయప్ప మిల్లు ఓనరు మాదిరి కూచుంటాడు. తక్కిన దినాలు ఎట్ల కూచుంటాడో నీకే తెల్సు."

కళ్లు తడిశాయి. అయినా వదల్లేదు, నా బుద్ధి నీకు తెలుసు. మంచి మాటలు ఎవరైనా అంటారు. "సొరకాయ ఎట్లుండింది?" అని అడిగాను.

తల గోక్కున్నాడు. "నిజం చెప్పమంటావా?"

"చెప్పు."

"ఇసం. మా యమ్మ ఉమ్మేసె. నూట పది పెట్టి దీన్ని తెస్తివా అని నన్ను తిట్టె. బర్రెకేస్తే అది గూడ మూతి తిప్పుకునె."

బోల్టు కొనడానికి వచ్చిన రైతు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. నేను అలా నవ్వడం నువ్వు కూడా వినలేదు.

పెళ్లిమాట నాయన ఎత్తినప్పుడు సరేనంటాను. బడి టీచరుకు నగలు బాగుండవని, తెల్లచీరతో ఒక్క పువ్వు చాలని నేనే మొండికేస్తాను. పెంకిపిల్లనని ఆయనకు తెలుసు కాబట్టి నమ్ముతాడు. ఆ లాకరు తెరిచే అవసరం ఆయనకు రాదు.

ఈరోజు దేవరాజు వచ్చాడు. మజ్జిగ తీసుకుని గడపదాకా వెళ్లాను. నాయన గొంతు తగ్గించి, "తాళం చెవి నా దగ్గరే ఉండాది" అంటున్నాడు. "బద్రంగా పెట్టుకో పెద్దాయనా" అన్నాడు దేవరాజు, నన్ను చూస్తూనే.

నేను వెనక్కి వచ్చి, ఆ మాట పూర్తయ్యేదాకా తలుపు చాటున గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

నీ లూదియా