దశమి అంటిన ఏకాదశి

తిరుపతి, 2004

కుముదవల్లీ, నా తల్లీ,

ఆశీస్సులు తర్వాత. ముందు ఇది చదువు.

మన వీధి చివర కంప్యూటర్ అంగడి హరినాథ్ పంచాంగం సీడీ ఒకటి తెచ్చి, "స్వామీ, మీ పాప చేసిందాన్నే బాగుచేసి అమ్ముతుండా" అంటే పొంగిపోయాను. నీ పని కదా అని అచ్చు పంచాంగం తిప్పి చూడకుండానే, అది చూపిన రోజున ఏకాదశి ఉపవాసమని భజన మందిరం మైకులో చాటాను. మరునాడు అందరం భోంచేశాక తెలిసింది, అసలు ఏకాదశి ఆ రోజేనని. మందిరానికి వచ్చే వరదయ్య నలుగురిలో నిలబెట్టి అడిగాడు: "ఏమప్పా శఠగోపం, దశమి అంటిన పొద్దు ఉపాసముంచి, నిజమైన ఏకాదశినాడు పప్పన్నం తినిపిస్తివే! ఇంక నరకం గురించి నువ్వేం చెప్పబల్లేదు, మేమే పొయ్యి సూసుకుంటాం."

సగం ఉడికిన అన్నాన్ని స్వామికి తళిగ నైవేద్యం పెట్టి తెర తీస్తారటే ఎవరైనా? పూర్తికాని ప్రోగ్రామును ఇంటర్నెట్‌లో లోకానికి పరచమని నీకెవరు చెప్పారు? శనివారం మందిరంలో నేను ఉపన్యాసం చెప్పే సభలోగా తీసెయ్. లేదంటే నీకూ నాకూ సంబంధం లేదని ఆ మైకులోనే చెబుతాను.

శఠగోపం

*

చిత్తూరు

నాయనా,

కోపంగానే చదవండి, ఫరవాలేదు.

నా కోడ్ మొదట్లోనే రాశాను: "వైష్ణవ ఏకాదశి లెక్క ఇంకా కాలేదు. ఈ తేదీలు నమ్మి ఉపవాసం ఉండకండి." కిందనే షరతు కూడా ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ నా పేరూ హెచ్చరికా ఉంచాలి, తాము మార్చింది మళ్లీ అందరికీ తెరిచి ఇవ్వాలి. ఆ సీడీ తెప్పించి చూశాను. హరినాథ్ మీ దగ్గర నా పేరు వాడుకున్నాడు, సీడీలో చెరిపేశాడు. హెచ్చరిక తీసేసి, కోడ్ ఎవరికీ కనపడకుండా తాళం వేశాడు.

తీసేయలేను నాయనా. గూడూరు నుంచి జ్ఞానాంబ గారని, నేను ముఖమైనా చూడని ఆవిడ, సూర్యోదయం లెక్క సరిచేసి పంపారు. తీసేస్తే ఆమె శ్రమ కూడా పోతుంది.

ఏకాదశి నియమం ఎందుకు మిగిలిపోయిందో మీకు తెలుసు. నేనడిగితే, "అది గురుముఖంగా రావాలి, యంత్రానికి చెప్పేది కాదు" అన్నారు. గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ అరిచి చెప్పారని నాకు నేర్పిందీ మీరే.

మైకులో ఏం చెప్పినా మీ కూతురినే.

కుముదవల్లి

*

తిరుపతి

తల్లీ,

సభకు ముందు హరినాథ్ అంగడికి వెళ్లాను. "ఊరికే పడుండాది స్వామీ, ఎవురైనా ఎత్తుకోవచ్చు గదా!" అన్నాడు.

"ఎత్తుకో నాయనా, అమ్ముకో. ఆ బిడ్డ పేరూ, ఆ బిడ్డ హెచ్చరికా యాడ పారేసినావు? తనకోసమే వండుకునేవాడు తినేది పాపమని కృష్ణపరమాత్మ చెప్పలేదా? నువ్వు వండను కూడా లేదు గదరా!"

సాయంత్రం ఆ మాటే మైకులోనూ చెప్పాను. తప్పు సీడీది, చాటింది నేను, నా కూతురిది కాదన్నాను. వరదయ్య లేచి, "ఆ లెక్క సరిచేసేదెవురప్పా?" అన్నాడు. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

గురుముఖమన్నానే, నాకు గురువెవరు? చంద్రగిరిలో పండితులు చెప్పుకుంటుంటే గోడ ఇవతల కూర్చుని విన్నవాణ్ణి. ఎవరూ నాకు ఇవ్వలేదు. వినపడింది గనక వచ్చింది.

రాసుకో. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు అరుణోదయం. అప్పటికి దశమి రవ్వంత మిగిలినా ఆ రోజు వదిలెయ్యాలి. ఉపవాసం మరునాడే. తక్కిన సందేహాలు వరసగా అడుగు, చెబుతాను. అందుకున్నది అందరికీ తెరిచి ఇవ్వాలన్న నీ షరతు నాకూ వర్తిస్తుంది.

రామానుజుల కథ చెప్పిన ప్రతిసారీ నేనూ ఆ గోపురం మీదే ఉన్నాననుకునేవాణ్ణి. కింద మండిపడుతూ నిలబడిన గురువును నేనేనమ్మా.

నువ్వు దిగొద్దు.

నీ నాయన