బోర్లా పడిన రొట్టె

సెప్టెంబర్ 9

పిండి సరిపోయింది. కట్టెలు తడి.

ఈ రోజు నుంచి కొట్లో ప్లాస్టిక్ సంచి ఇవ్వడం మానేశాను. పొయ్యిలోంచి తీసిన రొట్టెను సంచిలో వేస్తే చెమట పడుతుంది. అచ్చు గుద్దిన నడిమి భాగం మెత్తబడి సాగుతుంది. సాయంత్రానికి ఆ సంచి కాలువలో తేలుతుంది. నాన్న ఉన్నప్పుడు మా ఊరు మర్గిలాన్‌లో ఎవరైనా గుడ్డ తెచ్చుకునే రొట్టె కొనేవారు.

నా గుమ్మం పక్కన స్టూలు వేసుకుని ప్లాస్టిక్ సంచులు అమ్మే, వీధికంతా అక్కలాంటి మస్తూరా ఓపాకు మాత్రం బేరం పెరిగింది. నేను ఇవ్వనివి ఆమె దగ్గర కొంటున్నారు. నీ పుణ్యమా అని నాలుగు డబ్బులు కనబడుతున్నాయి సోబిత్, ఇంకేమేం మానేస్తున్నావో ముందే చెప్పు, ఆ సరుకూ తెచ్చుకుంటా అంది. నవ్వాను.

సెప్టెంబర్ 14

‘లోయ కబుర్లు’ ఛానెల్ నుంచి అక్రోమ్ అనే కుర్రవాడు వచ్చాడు. ఊరంతా ఫోన్లలో చూసేది ఆ ఛానెలే. ప్లాస్టిక్ ఎందుకు మానేశారు ఉస్తా అని, చెయ్యి తిరిగిన పనివాణ్ణి పిలిచినట్టే, అడిగాడు. రొట్టెకు చెమట పడుతుందని చెప్పాను. ఇంకా ఏదైనా గట్టిగా చెప్పండి అన్నాడు. అంతకంటే గట్టిది నా దగ్గర లేదు.

ఫోటోలు తీశాడు. ఒక రొట్టె తీసుకెళ్లి మస్తూరా ఓపా సంచుల మీద పెట్టాడు. గుడ్డు సొన పూసిన రొట్టె పైభాగం మెరిసి ఫోటో పాడవుతోందట, రొట్టెను బోర్లా తిప్పాడు. అది రొట్టెకు అవమానం, మా దగ్గర పసిపిల్లలు కూడా ఆ పని చేయరు. ఓపా అయ్యో అంటూ దాన్ని సరిచేయడానికి చెయ్యి చాచింది. అప్పుడే ఫోటో తీశాడు. ఆమె రొట్టెను వెల్లకిలా తిప్పి, నుదుటికి ఆనించుకుని, నాకు తెచ్చిచ్చింది.

సెప్టెంబర్ 16, సాయంత్రం

ఫోటో వచ్చింది. బోర్లా ఉన్న రొట్టె. దాని మీద ఓపా చెయ్యి. ఆమె ముఖం. పైన పెద్ద అక్షరాలు: రొట్టెకు అవమానం, ప్లాస్టిక్ అమ్మేవాళ్లకు కళ్లు నెత్తికెక్కాయి.

చెమట సంగతి ఎక్కడా లేదు.

సెప్టెంబర్ 17

కొట్టుకు వచ్చినవాళ్లు ఓపాను పొద్దున్నే నిలదీశారు. ఏం ఓపా, తినేది రొట్టేనా ఇంకేమన్నానా అని ఒకావిడ. నేను తిప్పలేదమ్మా, తిప్పినదాన్ని సరిచేశాను అని ఓపా. ఫోటోలో అలా లేదే అని ఇంకొకడు. ఫోటో తీసినవాణ్ణి అడగరా నాయనా అని ఓపా. తిప్పింది ఆ కుర్రాడే, నా కళ్లతో చూశాను అని కిటికీలోంచి నేనూ చెప్పాను. నీ పక్కన కూర్చునే మనిషి, నువ్వు కాక ఎవరు వెనకేసుకొస్తారు ఉస్తా అన్నారు.

మధ్యాహ్నానికి స్టూలు మడుచుకుని వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 20

అందరూ గుడ్డలు తెస్తున్నారు. పూల గుడ్డలు, చారల గుడ్డలు, ఒకాయన నడుముకు కట్టుకునే రుమాలే విప్పి పరిచాడు. కాలువలో నీళ్లు కనబడుతున్నాయి. నేను కోరుకున్నది జరిగింది.

సెప్టెంబర్ 22

ఓపా ఇంటికి వెళ్లాను. టీ పోసింది. గుడ్డల కాలం వచ్చిందిగా, ఇంక సంతోషించు అంది. టీ చల్లారేదాకా గిన్నె నా చేతిలోనే ఉంది.

ఆమె కూతురు నిగినా తలుపు దగ్గర నిలబడి అసలు సంగతి చెప్పింది. గురువారం ఆ పిల్ల పెళ్లి నిశ్చయం. రెండు వైపుల పెద్దలూ ఒకే రొట్టెను చెరో పక్కనా పట్టుకుని విరవాలి, అప్పుడే మాట ఖాయం. ఈ రెండు ఇళ్లకూ నా రొట్టే వెళ్తుంది. ఇప్పుడు అబ్బాయి పెదనాన్న, రొట్టెను బోర్లా వేసిన చేతితో కలిసి మేం రొట్టె విరవం అని కబురు పెట్టాడట. అబ్బాయి మంచివాడే ఉస్తా, కానీ ఆ ఇంట్లో పెదనాన్న మాటకు ఎదురుండదు అంది నిగినా.

సెప్టెంబర్ 23

ఛానెల్ ఆఫీసుకు వెళ్లాను. ఒక గది, మూడు కంప్యూటర్లు. అక్రోమ్ లేచి నిలబడి కుర్చీ వేశాడు. మర్యాద తెలిసినవాడే.

సంచులు తగ్గాయా లేదా ఉస్తా అని అడిగాడు. తగ్గాయన్నాను. మీకు కావలసింది అదేగా అన్నాడు. అదే అన్నాను. మరింకేం అన్నాడు. రొట్టెను తిప్పింది నువ్వు అన్నాను. అబ్బా, ఇప్పుడదంతా ఎవరిక్కావాలి, జనం రెండు రోజుల్లో మరిచిపోతారు అన్నాడు. పెళ్లివారు మరిచిపోలేదని చెప్పాను. కాసేపు గోళ్లు చూసుకుని, సవరిస్తాం లెండి అన్నాడు.

దారిలో ఆలోచించాను. నా రొట్టె మాడితే కొన్నవాడు అదే కిటికీ దగ్గరకు వచ్చి నా ముఖం ముందు ఊపుతాడు. మార్చి ఇస్తాను. ఆ రోజంతా నాకు సిగ్గుగా ఉంటుంది. ఈ ఛానెల్ వాళ్ల సరుకు ఇంటింటికీ చేరుతుంది, తిరిగి తెచ్చి చూపించడానికి కిటికీ లేదు. ప్లాస్టిక్ మానాలనే ఇప్పటికీ అంటాను. అబద్ధం మీద మానితే ఆ అబద్ధం ఎక్కడికి కొట్టుకుపోతుంది? అదీ మా కాలువలోకే.

సెప్టెంబర్ 24

సవరించారు. ఫోటోలో రొట్టెను మసక చేశారు. ఓపా ముఖం అలాగే ఉంచారు.

అంతలా దాచారంటే ఇంకేం పాడు పని చేసిందో అని కొట్టు ముందు అనుకుంటున్నారు.

సెప్టెంబర్ 25, గురువారం

ఎవరూ అడగకుండానే నిశ్చయపు రొట్టె కాల్చాను. పెద్దది, అంచు మందంగా, నడుమ అచ్చు దగ్గరగా. గుడ్డలో చుట్టుకుని అబ్బాయి ఇంటికి వెళ్లాను.

పెదనాన్న కూర్చోమన్నాడు. కూర్చోలేదు. రొట్టెను రెండు చేతులతో పైకెత్తి, నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఇందులో ఒక్క మాట అబద్ధమైతే ఈ రొట్టే నన్ను కొట్టాలి అని ఒట్టేశాను. రొట్టెలు చేసుకుని బతికేవాడికి దాని తర్వాత ఇంకో ఒట్టు లేదు.

వాళ్లావిడ, ఈ మనిషికి ఇన్ని మాటలొచ్చా అంది లోపల ఎవరితోనో. పెదనాన్న ఫోన్ తీసి మసక ఫోటో చూపించాడు. మరి ఛానెల్ వాళ్లు అలా చెప్పలేదే అన్నాడు. వాళ్లు రొట్టె పట్టుకుని చెప్పలేదు అన్నాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. నేను రొట్టెను దించలేదు. అప్పుడు ఆయన లేచి, దించవయ్యా ఇంక, చల్లారిపోతే విరవడానికి బాగుండదు అన్నాడు. తలుపు వైపు తిరిగి చెప్పులు తెమ్మని కేకేశాడు.

సెప్టెంబర్ 26

విరిచారు. ఓపా స్టూలు మళ్లీ గుమ్మం పక్కన ఉంది. సంచులూ ఉన్నాయి.

ఛానెల్‌లో ఏమీ రాలేదు.

అక్టోబర్ 2

అక్రోమ్ రొట్టె కొనడానికి వచ్చాడు. గుడ్డ తెచ్చుకోలేదు. ఓపా అతనికి సంచి అమ్మలేదు. కాలుతున్న రొట్టెను రెండు అరచేతుల్లో వెల్లకిలా పట్టుకుని వీధి చివరి దాకా నడిచాడు. ఎవరూ ఫోటో తీయలేదు.