ఆరో తరగతి సినిమాలు

జులై 6, సోమవారం

ఆయన మళ్ళీ తలుపు వేసుకున్నారు. స్కూల్ నుంచి రావడం, టీ తాగడం, గదిలోకి వెళ్ళిపోవడం. చెవులకి హెడ్‌ఫోన్స్. ఏం చేస్తున్నారంటే పని అంటారు. ఆరో తరగతికి పాఠాలు చెప్పే మనిషికి లాప్‌టాప్ ముందు కూర్చుని ముసిముసిగా నవ్వుకునే పని ఏముంటుంది?

జులై 8, బుధవారం

మడతపెట్టిన బట్టలు లోపలికి తీసుకెళ్ళాను. టక్కున ఏదో నొక్కారు, బొమ్మ ఆగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చుకుని. నేను బీరువా సర్దినంతసేపూ వాళ్ళు అలాగే ఉన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేనేమీ అడగలేదు. అడగడం నాకు చేతకాదు.

జులై 9, గురువారం

ఫోన్లో మాట్లాడుతుంటే వంటింట్లోకి వినిపించింది. శనివారం ఇంటికే రండి మేడమ్, మా ఆవిడ వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్తుంది అంటున్నారు.

నన్ను పంపించి పిలుస్తున్నారన్నమాట.

అన్నయ్య ఇంట్లో నాకు మర్యాద ఒక్క పూటే. రెండో పూటకి వదిన గిన్నెల చప్పుడు మారిపోతుంది. ఈ ఇల్లు పోతే నాకు ఇంకో ఇల్లు లేదు.

జులై 11, శనివారం

అన్నయ్య ఇంటికని బయల్దేరాను. బస్సు ఎక్కలేదు. వెనక్కి వచ్చి కింది వాటాలో బట్టలు కుట్టే అక్క దగ్గర కూర్చున్నాను. కాసేపటికి ఒకావిడ సంచి పట్టుకుని మా మెట్లు ఎక్కింది. స్కూల్లో లైబ్రరీ మేడమ్ కదా అంది అక్క. అక్క కూతురు ఆయన క్లాసే.

నోరు ఊరుకోలేదు. తలుపు సంగతి, ఫోన్ సంగతి, ఆ ఇద్దరు ఆడవాళ్ళ బొమ్మ, అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా. అక్క మిషన్ ఆపేసింది. వెర్రిమొహమా, మొగుణ్ణి అప్పజెప్పి నా గుమ్మంలో కూర్చుంటావేమే, పైకి పద అంది. నేను వెళ్ళలేదు. పిల్లలకి ఏవో సినిమాలు చూపిస్తారట, మా అమ్మాయి చెప్పింది, ఆ వంకతోనా ఈ సరసాలు అని పళ్ళు కొరికింది.

సినిమాల సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఊరందరికీ తెలిశాక.

జులై 12, ఆదివారం

ఈసారి అడిగేశాను. ముఖం చూడకుండా, కూర తరుగుతూ.

స్కూల్ వాళ్ళు ఆయనకీ మేడమ్‌కీ అప్పజెప్పారట. ఇద్దరు అమ్మలున్న ఇళ్ళు, అబ్బాయిని ఇష్టపడే అబ్బాయి, అమ్మాయిని ఇష్టపడే అమ్మాయి, ఇలాంటివాళ్ళు ఉన్న సినిమాలు పదకొండేళ్ళ పిల్లలకి తగినవి ఏరమని. క్లాసులో ఒక పాపకి ఇద్దరూ అమ్మలేనట. మిగతావాళ్ళు ఆ పాప పక్కన కూర్చోవడం మానేశారట. పాఠంగా చెబితే వినరు, సినిమా అయితే చూస్తారు అన్నారు. వాళ్ళని చంపేసేవి తీసేస్తే, వాళ్ళని చూసి నవ్వమనేవి తీసేస్తే, పెద్దవాళ్ళు చూసేవి తీసేస్తే మిగిలేవి చాలా తక్కువట.

నాకెందుకు చెప్పలేదన్నాను. ఏమనుకుంటావోనని, నలుగురితో అంటావేమోనని అన్నారు.

నమ్మలేదు. పిల్లల సినిమాలు ఏరడానికి నేను ఊళ్ళో ఉండకూడదా?

జులై 15, బుధవారం

మేడమ్ వచ్చింది. ఈసారి నన్నూ కూర్చోమన్నారు. ఇద్దరి మధ్యా కూర్చున్నాను, కావాలనే.

సినిమాలో ఒక పాప, ఇద్దరు అమ్మలు. పాప జడ ఎవరు వేయాలని వాళ్ళు పోట్లాడుకుంటారు. స్టవ్ మీద పాలు పొంగిపోతాయి. నువ్వంటే నువ్వని మళ్ళీ పోట్లాట. తర్వాత ఏదో వస్తుందని కాచుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. అయిపోయింది. నేను పక్కనున్నానని మధ్యలో కోసేశారేమో అని డౌట్.

మేడమ్ టీలో చక్కెర వద్దంది. మా ఆవిడకి షుగర్, ఇంట్లో చక్కెరే తెచ్చుకోం, నాకూ అలవాటు తప్పింది అంది.

ఆమె వెళ్ళాక కప్పులు కడుగుతుంటే చేయి ఆగిపోయింది. మా ఆవిడ అంది. ఒక ఆడమనిషి.

ఆయన్ని అడిగాను. అవును అన్నారు. ఆమె ఎన్నో ఏళ్ళుగా ఇంకొకావిడతో కాపురం ఉంటోందట. స్కూల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు, సినిమాలో అయితే సరే గానీ స్కూల్లో మేడమే అలా అంటే ఒప్పుకోరు, తెలిస్తే ఆమె ఉద్యోగం ఉండదు, నీ దగ్గర నోరు జారిందంటే నిన్ను నమ్మిందన్నమాట అన్నారు.

నన్నా?

జులై 16, గురువారం

అక్క హెడ్ మేడమ్‌ని కలిసి వచ్చిందట. శనివారం తల్లిదండ్రుల మీటింగ్. సినిమాల సంగతి సరే, సారుకీ లైబ్రరీ ఆవిడకీ ఏం నడుస్తోందో అందరి ముందూ అడుగుతానంది. నువ్వే సాక్షివి, ఏమీ మాట్లాడక్కర్లేదు, ఈ ఏడుపు మొహం పెట్టుకుని వస్తే చాలు అంది.

మేడమ్ ఇంట్లో ఎవరున్నారో ఒక్క మాట చెబితే అక్క నోరు మూతపడుతుంది. ఆయన పరువు నిలుస్తుంది. నా ఇల్లు నాకుంటుంది. మేడమ్ ఇల్లు పోతుంది.

జులై 17, శుక్రవారం

అక్క ఎదురుపడగానే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళు తాగి మింగేశాను.

జులై 18, శనివారం

పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళందరూ ఇరుక్కుని కూర్చున్నారు. అక్క లేచింది. తలుపులు వేసుకుని సినిమాలు చూసేవాళ్ళు పిల్లలకి ఏం నేర్పుతారండీ, ఇది నా మాట కాదు, కట్టుకున్న భార్య మాట, ఇదిగో ఇక్కడే ఉంది అంది.

అందరూ తిరిగి చూశారు. ఆయన కూడా. అప్పుడే తెలిసింది ఆయనకి. మేడమ్ మాత్రం నా వైపు చూడలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

లేచాను. ఆ గదిలో నేనూ ఉన్నాను అన్నాను. వినపడలేదు, గట్టిగా చెప్పమ్మా అన్నారు హెడ్ మేడమ్. అన్ని సినిమాలూ ముగ్గురం కలిసే చూశామండీ, నేను ఐదో తరగతే చదివాను, నాకు అర్థమైతే పిల్లలకీ అవుతుందని నన్ను కూర్చోబెట్టుకున్నారు అన్నాను. అంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

మరి ఆవేళ నా దగ్గర కుళ్ళికుళ్ళి ఏడ్చిందెవరే అంది అక్క.

చివర్లో చచ్చిపోయే సినిమా చూసి వచ్చానక్కా, అందుకే అది తీసేశాం అన్నాను.

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. అక్క కూర్చుంది. హెడ్ మేడమ్ మాత్రం నన్ను వదల్లేదు. అన్నీ చూశావు కాబట్టి ప్రతి సినిమాకీ ముందు పిల్లలకి రెండు మాటలు నువ్వే చెప్పాలి, వచ్చే శనివారం నుంచే అన్నారు.

 ఇంటి తాళం తీస్తూ ఆయన, నలుగురికి చెబుతావని భయపడ్డాను, ఒక్కరికే చెప్పావు అన్నారు. అది కోపమో కాదో తెలియలేదు.

జులై 22, బుధవారం

అబద్ధాన్ని నిజం చేస్తున్నాను. ఇవాళ చూస్తున్నది మూడో సినిమా. ఇద్దరబ్బాయిలు, ఒకే సైకిల్. కూర మాడిన వాసన వచ్చింది. లేవలేదు.