నీ సగం పంపు వదినా

సుగుణ వదినా,

ఫోన్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు కదా, అందుకే ఈ ఉత్తరం. రెండో షిఫ్టు వాళ్ల కోసం మీ ఊరు హత్నూరకు వస్తున్న కంపెనీ బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను.

ఎం.ఏ. హిస్టరీ పుస్తకం ఒక్కటే కొని, ప్రతి పాఠాన్నీ కోసి పంచుకున్నాం గుర్తుందా? విప్లవాల కారణాలన్నీ నాకు, ఫలితాలన్నీ నీకు. నా సగం రోజూ బస్సులో పైకి చదువుతుంటే ప్యాకింగ్ ఆడవాళ్లందరూ వింటున్నారు. రొట్టె దొరకక ఫ్రాన్సు ఆడవాళ్లు వానలో రాజు కోట దాకా నడిచారని నిన్న చదివాను. అందరిలో పెద్దామె నర్సింహమ్మ లేచి నిలబడింది.

"రొట్టె కోసం గంత దూరం నడిసిన్రా? మనం గీ నల్ల చాయ్ బదులు పాల చాయ్ కోసం మేనేజర్ రూము దాంక నడవలేమా?"

వదినా, ఇవాళ నడిచాం! నెత్తిన టోపీలతోనే, ఖాళీ గ్లాసులు వాయించుకుంటూ పోయాం. నా కాళ్లు నేల మీద లేవనుకో. మేనేజర్ ఒప్పేసుకున్నాడు! ఆ చాయ్ తాగుతూనే రాస్తున్నాను, మరకలకు ఏమనుకోకు.

చివర్లో ఆయన, "గిదంతా నేర్పింది ఎవరమ్మా?" అన్నాడు. అందరూ ఎంతో ప్రేమగా నన్ను చూపించారు. షిఫ్టు అయ్యాక ఒక్కదాన్నే రమ్మన్నాడు.

నా సగం పుస్తకం, ఆ ఫ్రాన్సు ఆడవాళ్లు కోట చేరగానే ఆగిపోయింది. తర్వాత ముందు నడిచినవాళ్లకు ఏమైంది? మంచే జరిగితే నీ సగం ఇదే బస్సులో జెర జల్దీ పంపు. లేకపోతే నీ దగ్గరే దాచెయ్. రేపటి నుంచి బస్సులో రష్యా విప్లవం చదవమంటున్నారు వీళ్లంతా.

నీ మరదలు